పై అరలో లిన్వల్

మాంటెగో బే
4 మార్చి 2019

ఐసిల్డా పెద్దమ్మకి,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఈ ఉత్తరం ఎగ్బర్ట్ టాక్సీలో పంపుతున్నా. నీ చేతిలో పెట్టేదాకా వాడికి అరటిపండు కూడా ఇవ్వకు, లేకపోతే కిందటిసారిలా వారం రోజులు జేబులోనే తిప్పుతాడు. మీ కొండ మీద ఫోను ఎటూ పలకదు, పలికినా నువ్వు ఎత్తవు. అందుకే ఈ కాగితాలు, ఈ తిప్పలు.

నా కొత్త ఉద్యోగం సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. చెప్పలేదంటే సిగ్గేసి చెప్పలేదన్నమాట. గంజాయి కొట్టులో. మొహం అలా పెట్టకు. బోర్డు కట్టి, లైసెన్సు గోడకి తగిలించి, ఏసీ వేసి అమ్మే కొట్టు. లోపలే డాక్టరు కూర్చుని చీటీ రాస్తాడు, ఆ చీటీ పట్టుకుని జనం అద్దాల బీరువా దగ్గరికి వస్తారు. నేను అమ్మను. అమ్మేవాళ్ళకి అమ్మడం నేర్పుతాను.

మొగ్గల్ని మూడు అరల్లో పెడతాం. పై అరలో గాజింట్లో పెంచినవి, చేత్తో ఒక్కొక్క ఆకూ కత్తిరించి బొమ్మల్లా చేసినవి. కింది అరలో ఎండలో పెరిగినవి, చిన్న మొగ్గలు, అక్కడక్కడా గింజ తగిలేవి. అటూ ఇటూ కానివి నడిమి అరలో. కింది అర ధరకి మూడింతలు పై అర ధర. మా యజమాని పినాక్ గారి మాట ఒక్కటే: లోపలికి వచ్చినవాడు పై అరలోంచి ఏదో ఒకటి కొనకుండా బయటికి పోకూడదు.

మా వాళ్ళేమో ఏ మొగ్గలో మత్తు ఎంతో, ఆ శాతాలు చిలకల్లా ఒప్పజెబుతారు. నిన్న మర్సియా ఏం చేసిందో విను. ఇరవై ఏళ్ళు హోటల్ కౌంటర్లో పనిచేసిన మనిషి, పెద్దది. టూరిస్టు ఓడ దిగి వచ్చిన ఒక ముసలాయనకి పై అర సీసా మూత తీసి, "ఇరవై ఆరు శాతం సార్" అంది. "అంటే ఏంటమ్మా?" అన్నాడాయన. "ఇరవై అయిదు కంటే ఒకటి ఎక్కువ సార్" అంది. ఆయన కింది అరలోంచి ఒక్క గ్రాము కొనుక్కుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

నాకు ఇచ్చింది నాలుగు నెలలు. పై అర కదలకపోతే నన్ను కదిలిస్తారు.

అందుకని నిన్ను ఒకటి అడగాలి. లిన్వల్ పెద్దనాన్న ఎలా అమ్మేవాడు? ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. జైలుకి వెళ్ళాడని తెలుసు, ఎందుకు వెళ్ళాడో తెలుసు, అంతే. ఆయన కోసం నెగ్రిల్ నుంచి జాలర్లు కూడా కొండెక్కి వచ్చేవాళ్ళని అమ్మ ఒకసారి నోరు జారింది. బోర్డు లేదు, శాతాలు లేవు, మరి అంత దూరం నుంచి ఎందుకొచ్చేవాళ్ళు? గుర్తున్నది రాయి. నా బతుకు నిలబెట్టినదానివి అవుతావు.

నీ తిక్కపిల్ల,
ఓర్లీన్


బ్రెడ్‌నట్ గల్లీ
17 మార్చి 2019

ఓర్లీన్ తల్లీ,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. ఎగ్బర్ట్‌కి అరటిపండు ఇవ్వొద్దన్నావు, వాడు ఉప్పుచేప వేసుకుని రెండు బ్రెడ్‌ఫ్రూట్ ముక్కలు తిన్నాకే జేబులోంచి ఉత్తరం తీశాడు. మోకాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. వానల్లేక యాము దుంపల తీగ వాడిపోతోంది. గాయకబృందంలో పైగొంతు పాడేవాళ్ళు తగ్గిపోయి నా చేత పాడిస్తున్నారు, పిల్లి గొంతు నొక్కినట్టుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మన పెరటి చెట్టు కోసం మాత్రం పోలీసులు కూడా కొండెక్కి వచ్చారు. ఆ సంగతి వదిలెయ్యి. అడిగావు కాబట్టి రాస్తున్నా. మీ అమ్మకి చూపించకు, మా సంఘం వాళ్ళ చెవిన పడనీకు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడి నడుపుతున్నదాన్ని.

మీ మూడు అరలు చదివి నవ్వొచ్చింది. మీ పెద్దనాన్న దగ్గరా మూడు రకాలుండేవి, కాని ఒకదాని మీద ఒకటి కాదు, పక్కపక్కన. ఒకటి కాచి తాగేది. ఉబ్బసం పిల్లలకి, జ్వరం తగిలినవాళ్ళకి. రెండోది తెల్ల రమ్ములో నానేసి కీళ్ళకి రుద్దుకునేది. మూడోది పొగ తాగేది. కాచుకునేదానికి పెద్దాకు, ముదురాకు కావాలి. దాన్ని నువ్వు కింది అరలో పెడతావు. పొగకి పనికొచ్చే మొగ్గ తెచ్చి పిల్లాడికి కాచిపోస్తే ఏమవుతుంది? ఎవరికి ఏది కావాలో తెలియనివాడే పైనా కిందా అంటాడు.

వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టాలి. "ఏది గట్టిది?" అని అడిగినవాడికి జవాబు చెప్పకూడదు. "పొద్దున ఏం తిన్నావు?" అని ఎదురడగాలి. ఖాళీ కడుపుతో వచ్చినవాడికి ఉడికిన డంప్లింగ్ ముద్ద పెట్టాకే ఆకు. తర్వాత, "ఇంటి దగ్గర నీకోసం ఎవరు చూస్తుంటారు?" అని అడగాలి. ఎవరూ లేరన్నవాడికి తక్కువ ఇవ్వాలి. ఎక్కువ ఇస్తే వాడు రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు, ఏడాది తిరిగేసరికి గుమ్మంలోనే పడుకుంటాడు. జాలర్లకి చీకట్లో చూపు ఆనడానికి కావాలి. వాళ్ళకి పాతబడి గలగలలాడేది వద్దు, కాడ విరిస్తే టక్కుమనాలి, మొగ్గ నొక్కితే మాత్రం మెల్లగా పైకి లేవాలి. వేళ్ళ మధ్య నలిపి, ముందు మనం వాసన చూసి, తర్వాత వాళ్ళ ముక్కు దగ్గర పెట్టాలి. మనం చూడకుండా ఇస్తే నమ్మరు. అన్నిటికంటే మంచిది ముందే చూపించకూడదు. చూపిస్తే మిగతావి వాడి కంట్లో చెత్తయిపోతాయి, వాడి జబ్బుకి ఆ చెత్తే మందయినా సరే.

ఒకసారి కండలు తిరిగినవాడొకడు వచ్చి అన్నిటికంటే గట్టిది కావాలని కూర్చున్నాడు. నిద్ర పట్టక మూడు నెలలైందని ముఖం చూస్తే తెలుస్తోంది. వాడికి కాచుకునే ఆకు కట్టిస్తే తిట్టుకుంటూ పోయాడు. పది రోజులకి కోడిని పట్టుకుని వచ్చాడు.

ఇవన్నీ మీ పెద్దనాన్న అనే మాటలే. చాలు, పొయ్యి మీద కాయధాన్యం పొంగుతోంది.

నీ పెద్దమ్మ,
ఐసిల్డా


మాంటెగో బే
9 ఏప్రిల్ 2019

పెద్దమ్మా, నా బంగారు పెద్దమ్మా,

నీ ఉత్తరం క్లాసులో చదివాను. పేర్లు చదవలేదులే, భయపడకు. శాతాల కాగితాలన్నీ తీసేసి బీరువా వెనక పెట్టించాను. ఒకరు కొనేవాళ్ళు, ఒకరు అమ్మేవాళ్ళుగా నాటకం ఆడించాను. మర్సియా అమ్మింది. "పొద్దున ఏం తిన్నావు బాబూ?" అంటే, కొనేవాడి వేషం వేసినవాడు నిజంగానే ఏమీ తినలేదట, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అందరం పని ఆపి మాంసం పాటీలు తెప్పించుకుని తిన్నాం.

నీ మాట ఒక్కటి కొంచెం వంచాను. మంచిది ముందు చూపించకూడదన్నావు కదా. ఇప్పుడు నడిమి అర సీసాతో మొదలుపెట్టిస్తున్నా. నలిపి, వాసన చూసి, కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, అప్పుడు "మీకోసం ఒకటి ఉంది" అని పై అరకి చెయ్యి చాపాలి. పెద్దమ్మా, అది మంత్రంలా పనిచేస్తోంది. రెండు వారాల్లో పై అర సీసాలు నాలుగు ఖాళీ.

ఇక అసలు సంగతి. క్లాసులో ఎవరో, "ఇదంతా ఎవరు నేర్పారు మేడం?" అన్నారు. నోరు ఆగలేదు. ఇప్పుడు మనం ఏసీలో కూర్చుని అమ్ముతున్నదానికోసం మా పెద్దనాన్న ఏడాదిన్నర జైల్లో ఉన్నాడని చెప్పాను. తలుపు దగ్గర పినాక్ గారు నిలబడి ఉన్నారని నేను చూడలేదు.

మర్నాటికల్లా ఆయన అడిగిన అట్ట తయారైంది. అమ్మ ఆల్బంలో నీ పెళ్ళినాటి ఫోటో ఉంది కదా, అందులోంచి పెద్దనాన్న ముఖం ఒక్కటీ పెద్దది చేయించాను. ఇప్పుడు పై అర మధ్య సీసా పక్కన ఆయన నవ్వుతున్నాడు. కింద నేనే రాశాను: "లిన్వల్. ఈ పువ్వు కోసం జైలుకి వెళ్ళిన మనిషి. ఆయన ముక్కు ఎప్పుడూ తప్పలేదు." ఓడ దిగినవాళ్ళు అట్ట ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషిని తీసుకెళ్ళి అందరికంటే పైన కూర్చోబెట్టాను. నీకు గర్వంగా లేదూ?

ఆయన గురించి ఇంకా రాయి. పోలీసులకి ఎవరు చెప్పారు? ఆ రోజు ఆయన ఏమన్నాడు? మా వాళ్ళు రోజూ అడుగుతున్నారు.

నీ ఓర్లీన్


బ్రెడ్‌నట్ గల్లీ
21 ఏప్రిల్ 2019, ఈస్టర్

ఓర్లీన్,

ఆ ఫోటో తీసెయ్యి. ఆ రాత కూడా తీసెయ్యి. ఆయన దానికి తగిన మనిషి కాదు. ఇంకేమీ అడగకు.

పండగ బన్ను, చీజు ఎగ్బర్ట్‌తో పంపుతున్నా. సగం వాడు తింటాడని తెలిసే రెండు పెట్టాను.

ఐసిల్డా


మాంటెగో బే
2 మే 2019

పెద్దమ్మా,

బన్ను అందింది. నీ ఉత్తరం పదిసార్లు చదివాను. "ఆయన దానికి తగిన మనిషి కాదు." కట్టుకున్న మొగుడి గురించి ఇలా రాయడానికి చెయ్యి ఎలా వచ్చిందో నాకు తెలియడం లేదు.

అమ్మని అడిగాను. ఈసారి దాచకుండా చెప్పింది. జైలు నుంచి వచ్చాక సంఘం ఆయన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టిందట కదా. ప్రభువు బల్లలో రొట్టె లేదు, రసం లేదు, పాటలో గొంతు కలపడానికి లేదు. చనిపోయేదాకా ఇరవై నాలుగేళ్ళు అలాగే ఉంచారట. నువ్వు మాత్రం రెండో వరసలో, ఆదివారం బడి పిల్లల్ని పక్కన పెట్టుకుని కూర్చున్నావు. ఒక్కసారైనా లేచి ఆయన పక్కకి వెళ్ళలేదని అమ్మ అంది. ఆయన శవాన్ని గుడిలోకి రానివ్వకపోతే, పెరట్లో టార్పాలిన్ కింద ప్రార్థన చేయించి పూడ్చావట.

నేను పట్నంలో ఉన్నదాన్ని, నాకివేవీ తెలియవు. ఇప్పుడు అర్థమైంది. ఆయన బతికుండగా ఆయనంటే నీకు సిగ్గు, పోయాకా సిగ్గే. సంఘంలో నీ పెద్దరికానికి మచ్చ పడుతుందని ఫోటో తీసెయ్యమంటున్నావు. తీయను పెద్దమ్మా. ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ లోకంలో ఒక్కచోటైనా ఉండనీ.

పినాక్ గారు నెగ్రిల్లో ఇంకో కొట్టు తెరుస్తున్నారు. అక్కడా పై అరకి "లిన్వల్ అర" అనే పేరు పెడతారట. దానికి నీ సంతకం కావాలి, కాగితం దీనితో పెట్టాను. పెట్టేదీ మానేదీ నీ ఇష్టం.

ఓర్లీన్


బ్రెడ్‌నట్ గల్లీ
2 జూన్ 2019

ఓర్లీన్ తల్లీ,

నెల రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నా. సంతకానికి కాదు, ఈ ఉత్తరానికి. నువ్వు తిట్టినందుకు కోపం లేదు. నువ్వు తిట్టింది తక్కువ.

మీ పెద్దనాన్నకి ముక్కు లేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి వాసన పోయింది. పొయ్యి మీద జావ మాడి ఇల్లంతా పొగ కమ్ముకున్నా కళ్ళు మండితేగాని తెలిసేది కాదు. పొగ తాగేదేదో కాచుకునేదేదో ఆయనకి నేను చెబితేనే తెలుసు. ఒక్క ఆకు కూడా ఆయన అమ్మలేదు.

అమ్మింది నేను.

వాళ్ళమ్మ నేర్పింది నాకు. పెళ్ళై వచ్చిన ఏడాదికే నా ముక్కు చూసి, ఈ పని చేతికి అబ్బే పిల్ల ఇది అంది. ఆవిడ పోయాక వంటింటి తలుపు దగ్గర నేనే అమ్మేదాన్ని. వచ్చేవాళ్ళు వసారాలో కూర్చున్న ఆయన్ని పలకరించి, పక్కనుంచి వంటింటి వైపు వచ్చేవాళ్ళు. చూసే జనానికి వాళ్ళు ఆయన కోసం వచ్చినట్టే ఉండేది. ఊళ్ళో మగవాడు అమ్ముతాడు, ఆడది ప్రార్థన చేస్తుంది. ఎవరికీ వేరే అనుమానం రాలేదు. మీ అమ్మకీ రాలేదు. నీకూ రాలేదు.

1988లో పోలీసులు వచ్చిన రోజు నేను పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్నా. యాము దుంపల కింద గోనెసంచి దొరికింది. "ఎవరిది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన అప్పుడే పొలం నుంచి వచ్చి, మట్టికాళ్ళతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. "నాదే" అన్నాడు. నేను గరిటె తిప్పుతూనే ఉన్నా తల్లీ. ఆపితే తెలిసిపోతుందని తిప్పుతూనే ఉన్నా.

ఆ అక్టోబరుకి ఆయన ఫ్లారిడా చెరుకు కోతకి వెళ్ళాలి. కూలి కార్డు చేతికి వచ్చింది కూడా. అది పోయింది. మళ్ళీ ఎప్పటికీ రాలేదు. రేపు స్టేషన్‌కి వెళ్ళి చెబుతాననుకున్నా. ఆ రేపు ఏడాదిన్నర నడిచింది.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం అప్పటి పాస్టరు ఆయన్ని లేచి నిలబడి పాపం ఒప్పుకోమన్నాడు. ఒప్పుకుంటే మూడు నెలల్లో మళ్ళీ కలుపుకునేవాళ్ళు, అదే మా పద్ధతి. ఆయన లేచాడు. "పోలీసులతో అన్నమాట దేవుడింట్లో అనలేను" అన్నాడు. అంతే, కూర్చున్నాడు. అందరూ ఎంత పొగరు అన్నారు. అందులో ఉన్న నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నా. ఆయన గుళ్ళో అబద్ధం చెప్పలేడు, నన్ను పట్టివ్వలేడు. అందుకని ఇరవై నాలుగేళ్ళు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒక్క ఆదివారం మానలేదు. ఇంటికొచ్చాక నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆఖరి వారంలో, మంచం మీద ఉన్నప్పుడు, "పాస్టర్ని పిలవనా, చెప్పేస్తాను" అన్నా. "పిల్లలకి పాఠం ఎవరు చెబుతారు?" అన్నాడు. నేను దాన్ని సెలవిచ్చినట్టు తీసుకున్నా. ఆయన నన్ను వారించింది ప్రేమతో. నేను ఊరుకుంది భయంతో. పెరట్లో, టార్పాలిన్ కింద, వానలో, నేను నిలబడి ఏడుస్తుంటే సంఘం ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఓదార్చారు, ఇలాంటి మొగుడితో ఎంత ఓర్చుకున్నావమ్మా అని. నేను ఆ ఓదార్పు తీసుకున్నా.

ఆయన పోయిన రెండేళ్ళకి చట్టం మారింది.

"దానికి తగిన మనిషి కాదు" అని రాసింది అందుకే. సరిగ్గా రాయడం చేతకాలేదు, నీకు వేరేలా వినపడింది. మొదటి ఉత్తరంలోనే "నేను" అని రాసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. అలవాటైన చెయ్యి, "మీ పెద్దనాన్న" అని రాసేసింది. నువ్వా ఫోటో పెట్టి ఆయన చేత మళ్ళీ "నాదే" అనిపిస్తున్నావు, ఓడ దిగిన ప్రతివాడి ముందూ. నీ తప్పు కాదు, నేను ఇచ్చిన మాటలే.

జూన్ ఆఖరి ఆదివారం సాక్ష్యాల రోజు. ఆ రోజు లేచి చెబుతాను. నన్ను వెనక్కి పంపితే వెళతాను. ఆయన పేరు మళ్ళీ సంఘం పుస్తకంలో రాయమని అడుగుతాను. నాకు కావలసింది ఆ ఒక్కటే. కాగితం సంతకం లేకుండా తిప్పి పంపుతున్నా.

ఐసిల్డా


మాంటెగో బే
14 జూన్ 2019

పెద్దమ్మా,

నేను రాసిన మాటలు ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదు. నాలుక కోసుకున్నా పోవు. సిగ్గు అన్నాను, పెద్దరికం అన్నాను. అవి రాసినప్పుడు ఎంత ఒప్పుగా రాస్తున్నానో అనుకున్నాను, అదే ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఉత్తరం అందిన రోజే ఫోటో తీసేశాను. అట్ట కూడా చింపేశాను. పినాక్ గారు పిలిచారు. వేరే దారిలేక నిజం చెప్పాను, ఆయన చలించి వదిలేస్తాడేమోనని. ఆయన కుర్చీలో ముందుకి వంగి, "ఆడమనిషి అమ్మింది, మొగుడు నేరం నెత్తినేసుకున్నాడు. ఓర్లీన్, ఇది మొదటిదానికంటే బాగుంది కదా" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వచ్చేసి ఏం చేయగలను? వారం తిరిగేసరికి ఎవరిచేతో ఒక ముసలి రైతు బొమ్మ గీయించి పెట్టారు, పేరు లేకుండా. పేరు లేదు కాబట్టి నీ సంతకం అక్కర్లేదట.

ఉద్యోగం పోలేదు. పై అర బాగా కదులుతోంది మరి. గడువు అయిపోకుండానే నన్ను పర్మనెంట్ చేశారు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే అది ఇంకో దాపరికం అవుతుంది.

కౌంటర్ దగ్గర నిలబడి వింటే, నేను నేర్పిన ఐదుగురిలో నలుగురు ఇంకా ఆ కథే చెబుతున్నారు. ఆపమన్నాను. "అలాగే మేడం" అంటారు, నేను పక్కకి తిరిగితే మళ్ళీ మొదలు. నేర్పడం నాకు వచ్చు, నేర్పింది మరిపించడం రాదు. మర్సియా ఒక్కతే మానేసింది. ఆవిడకి మాత్రం అంతా చెప్పాను. సీసాలు తుడుస్తూ, "మీ పెద్దమ్మ ఇంకా వెళుతోందా ఆ గుడికి?" అంది. వెళుతుందన్నాను. "నేనైతే వెళ్ళలేను" అంది. ఇప్పుడు మర్సియా ఎవరికి ఏది కావాలో అది ఇస్తోంది. మొన్న ఒకావిడకి కింది అర ఆకు కట్టించి, ఎలా కాచాలో చెప్పి పంపింది. పినాక్ గారు ఆవిడ లెక్క చూసి చిరాకు పడుతున్నారు. ఆవిడ ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

ఒక్క మాట వింటావా? గుళ్ళో చెప్పకు. డెబ్భై రెండేళ్ళు నీకు. ఆయన్నే అంతకాలం ఉంచినవాళ్ళు నిన్ను వదులుతారా? వెనక బెంచీ వేస్తారు, బడి తీసేస్తారు, దారిలో పలకరించరు. ఆయన కాపాడిందంతా ఒక్క పూటలో పోతుంది. ఇప్పుడు నిజం తెలిసినదాన్ని నేనున్నాను. అది చాలదా?

నన్ను క్షమించు.

ఓర్లీన్


బ్రెడ్‌నట్ గల్లీ
8 జులై 2019

ఓర్లీన్ తల్లీ,

క్షమించడానికి ఏముంది. నీ తప్పు తూస్తే నా తప్పు దేనితో తూచాలి? ఆ మాట మళ్ళీ ఎత్తకు. వాన పడింది, యాము తేరుకుంది.

నువ్వు వద్దన్నా చెప్పాను. తెల్లబట్టలు వేసుకుని వెళ్ళా. ముందు బెంచీ పట్టుకుని లేచా. సంచి దగ్గర మొదలుపెట్టి టార్పాలిన్ దాకా చెప్పాను, ఏదీ దాచలేదు. నన్ను వెలి వేస్తారని ఎదురుచూస్తూ నిలబడ్డా. నిజం చెప్పనా, అది కావాలనే నిలబడ్డా.

వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ముందు ఎవరో ఆమెన్ అన్నారు, తర్వాత గుడంతా చప్పట్లు. కొత్త పాస్టరు, నీ ఈడువాడే, గిటారు పక్కన పెట్టి వచ్చి నన్ను కావలించుకున్నాడు. "సిస్టర్, చట్టమే ఒప్పుకున్నాక ఇంకా మీకెందుకు బాధ? దేవుడు ఎప్పుడో క్షమించాడు" అన్నాడు. అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. ప్రార్థన అయ్యాక ఇద్దరు ఆడవాళ్ళు చాటుగా పట్టుకుని రమ్ములో ఆకు ఎన్నాళ్ళు నానాలని అడిగారు. ఆదివారం బడి నాదగ్గరే ఉంచారు. ఇరవై నాలుగేళ్ళు ఒక మనిషిని కూర్చోబెట్టిన తప్పు, నా దగ్గరికి వచ్చేసరికి అరగంట కూడా పట్టలేదు.

లిన్వల్ పేరు పుస్తకంలో రాయమని అడిగా. "తప్పకుండా. ఆయన పేరు ఏమన్నారు?" అన్నాడు పాస్టరు. ఈ పాస్టరు ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళే. లిన్వల్‌ని వెనక్కి పంపిన పెద్దలందరూ పోయారు. తిప్పి పిలవవలసిన నోళ్ళు ఒక్కటీ మిగల్లేదు. కొత్త పుస్తకంలో పేరు రాశారు, బతికున్నవాళ్ళ పేర్ల కింద, పొరపాటున. నేను దిద్దమనలేదు.

నిన్న ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నా. ఎవరూ పంపలేదు, అమ్మా ఇటు రండి అని పిలుస్తూనే ఉన్నారు. గోడ పక్కన, ఆయన కూర్చునే చోటే. ఆయన అన్నేళ్ళు మానకుండా దేవుడి కోసం వస్తున్నాడనుకునేదాన్ని. అక్కడ స్తంభం అడ్డం, తల్లీ. పాస్టరు కనపడడు, బల్ల కనపడదు, సిలువ కూడా కనపడదు. మెడ చాపి ఎటు చూసినా కనపడేది రెండో వరసలో నేను కూర్చునే చోటు ఒక్కటే.

నీ పెద్దమ్మ,
ఐసిల్డా